కుడి చెవిలో చప్పుడు

మా అత్తగారు నాతో మాట్లాడటం మానేసి ఏడాది దాటింది. ఈ సంగతి విన్నవాళ్లలో సగంమంది, పెట్టి పుట్టావు పో అన్నారు. వాళ్ల నోట్లో మన్ను పడ. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడ మాటల్లో మునిగి తేలినదాన్ని నేను. కూరగాయలు తరుగుతూ మాట్లాడేది, స్నానాల గదిలోంచి మాట్లాడేది, నిద్రలో సైతం ఎవరితోనో వాదన పెట్టుకునేది. మీ అబ్బాయి ఇలా మూగమొద్దులా తయారవడానికి కారణం మీరే, పిల్లాడికి ఒక్క మాటా మిగల్చలేదు అని నేను వేళాకోళం చేస్తే, నాకంటే ముందు ఆవిడే పడీపడీ నవ్వేది.

మా ఆయన పోయిన రోజు నుంచి ఆవిడ నోరు మూతపడింది. డాక్టరు టార్చి వేసి గొంతంతా చూసి, ఏ లోపమూ లేదన్నాడు. కింది వాటాలో ఉండే మా ఆడపడుచుతోనూ మాట లేదు. అందరూ దుఃఖం అన్నారు. దుఃఖమైతే నాకు మాత్రం లేదా? నేను ఏడుస్తూనే గిన్నెలు తోముకున్నాను, ఏడుస్తూనే కరెంటు బిల్లు కట్టి వచ్చాను. ఇది దుఃఖం కాదు, నా మీద కోపం అనుకున్నాను. కోపమైతే తిట్టొచ్చు కదా. ఒక్క మాట, తిట్టయినా సరే, అని కాచుకుని కూర్చున్నాను. కావాలని కూరలో ఉప్పు వేయడం మానేశాను. ఆవిడకిష్టమైన కప్పు చేయి జారినట్టు నటించి పగలగొట్టాను. ఆవిడ ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసి, వచ్చి నా చేయి తెగిందేమోనని తిప్పి చూసి, తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ రోజు వంటింటి గట్టు పట్టుకుని కుళ్లికుళ్లి ఏడ్చాను.

నేనూ మా ఆయనా పనిచేసింది స్కేటింగ్ రింకులో. చక్రాల బూట్లు కట్టుకుని జనం గుండ్రంగా తిరుగుతుంటే, ఒక పాట అయిపోకముందే ఇంకో పాటను దాని కిందికి తెచ్చి, వేగం చెడకుండా కలపడం నా పని. పాటకీ పాటకీ మధ్య సందు పడిందంటే కాళ్లు తడబడతాయి, ఎవరో ఒకరు నేల కరుస్తారు. వైర్లూ మైకులూ ఆయన పని. ఆయన గది హాలుకి ఆ చివర, నా బల్ల ఈ చివర. ఆ హోరులో గొంతు చించుకున్నా వినపడదు. అందుకని ఆయన తన మైకు మీద గోటితో కొట్టేవాడు, అది నా హెడ్‌ఫోన్స్‌లో వినపడేది. ఒక దెబ్బయితే ఆగు. రెండయితే సరే, కానీ. కాపురమంతా ఆ రెండు ముక్కలతోనే నెట్టుకొచ్చాడు మహానుభావుడు. భోజనాల బల్ల దగ్గరా అంతే. ఇంకాస్త వడ్డించనా అంటే టక్ టక్. చాలంటే టక్.

ఒక మధ్యాహ్నం వైర్లు చుడుతూ చుడుతూ గోడకి ఆనుకుని కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. కొన్నాళ్లకి రింకు కూడా మూసేశారు. ఇప్పుడు అందులో ఎవరివో బీరువాలూ మంచాలూ దాస్తున్నారు.

రింకు మేనేజరుని మేమంతా ఈలాయన అనేవాళ్లం, మెడలో ఎప్పుడూ ఈల వేలాడేది కాబట్టి. రైల్లో పగలంతా కూర్చుంటే గానీ రాని ఊళ్లో, ఒక రేడియో స్టేషన్లో చేరాడాయన. అక్కడ సాయంత్రం కార్యక్రమానికి పాటలు కలిపే మనిషి కావాలని ఫోన్ చేశాడు. ఇంట్లోనే ఒక గంట మిక్స్ రికార్డు చేసి సోమవారంలోగా పంపమన్నాడు. ఒక్క ఊపులో వాయించాలట, తర్వాత కోతలూ అతుకులూ పనికిరావట, వినేవాళ్లకి చెవులున్నాయి పట్టేస్తారట. మా ఆడపడుచు ఎగిరి గంతేసింది. వెళ్లు వదినా, అమ్మని నేను చూసుకుంటాను, నీ వయసుకి ఈ గోడల మధ్య ఏముంది అంది. నాకూ వెళ్లాలనే ఉంది. కానీ ఎలా వెళ్లను? పొమ్మనదు, ఉండమనదు. ఆవిడ మనసులో ఏముందో తెలియకుండా గడప దాటితే ఆ మౌనాన్ని జన్మంతా మోసుకు తిరగాలి. సరే, పంపినంత మాత్రాన పోయేదేముందని పనిలోకి దిగాను.

ఇంట్లో రికార్డింగ్ అనగానే గోడలకి దూదీ, అద్దాల గదీ ఊహించుకుంటారు జనం. ఏమీ అక్కర్లేదు. మా ఆయన వాడిన నడిమి గదిలో బల్ల దులిపాను. రెండు ప్లేయర్ల వైర్లు మిక్సర్‌లోకి, మిక్సర్ వెనక నుంచి రెండు వైర్లు ఒక చిన్న పెట్టెలోకి, ఆ పెట్టె నుంచి ఒకే వైరు ల్యాప్‌టాప్‌లోకి. అంతే. మొదట్లో గుయ్యిమని ఒకటే రొద వచ్చింది, అన్నీ ఒకే కరెంటు బోర్డుకి తగిలిస్తే నోరు మూసుకుంది. శబ్దం కొలిచే మీటరు ఎరుపు ముట్టుకోకుండా నాబ్‌లు తగ్గించాను. ఇందులో మైకు అనేదే లేదు, శబ్దం మొత్తం వైర్లలోనే పోతుంది. గదిలో పిడుగు పడినా రికార్డింగులో పడదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మిక్సర్ ఆయనదే, పాతది. వెనక రంధ్రాల మీద అక్షరాలన్నీ అరిగిపోయాయి. ఆయన పాత హెడ్‌ఫోన్స్ బయటి గోడ కొయ్యకి వేలాడుతూ ఉండేవి, ఆయన పెట్టినచోటే. నేను తీయలేదు. ఎడమ చెవి అత్తయ్య గది గుమ్మం వైపు, కుడి చెవి గోడకి ఆనుకుని. వాటి వైరు నేల మీద పడి కాళ్లకి అడ్డం పడుతుంటే విసుగొచ్చి, జాక్ తీసి మిక్సర్ వెనక ఖాళీగా కనపడ్డ రంధ్రంలో గుచ్చి మరిచిపోయాను.

మధ్యాహ్నాలు మా ఆడపడుచు పసిబిడ్డ కింద నిద్రపోతుంది. అందుకని స్పీకర్లు ఆపేసి, కొత్త హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించాను. చూసేవాళ్లకి ఎలా ఉంటుందో తెలుసు. గది నిశ్శబ్దంగా ఉంటుంది, ఒక ఆడమనిషి దేనికో తల ఊపుతూ ఉంటుంది. అత్తయ్య నా వెనక తన గుమ్మంలో పీట వేసుకుని బఠాణీలు ఒలుస్తోంది. అప్పుడప్పుడూ తిరిగి చూశాను. పెదాలు బిగించి, కళ్లు గిన్నెలో పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే రికార్డింగ్ విన్నాను. రెండో పాట అయ్యేచోట వాద్యాలన్నీ తగ్గి, ఒక్క డ్రమ్ము మెల్లగా నడుస్తుంది. దాని అడుగున ఎవరో మాట్లాడుతున్నారు.

"తిన్నావా నాన్నా?"

కాసేపు ఏమీ లేదు. మళ్లీ.

"చలిగా ఉందా?"

అత్తయ్య గొంతు. ఏడాదిగా నేను వినని గొంతు. హెడ్‌ఫోన్స్ లాగేసి ఆవిడ గదిలోకి పరిగెత్తాను. బట్టలు మడతపెడుతోంది. మీరు మాట్లాడారు, నేను విన్నాను అన్నాను. నన్నొకసారి పైనుంచి కిందికి చూసి, దిండు గలీబు మడత వేసింది.

వైరుకి చెవులుండవు కదా. మరి గొంతు ఎలా పడింది? ప్లేయర్లు చూశాను, పెట్టె చూశాను, బల్ల కింద దూరి ఒక్కో వైరూ చేత్తో పట్టుకుంటూ వెళ్లాను. చివరికి నా చేయి కొయ్య దగ్గర తేలింది. అప్పుడు గుర్తొచ్చింది. ఒకసారి రింకులో మైకు కిందపడి పగిలింది. ఆయన చడీచప్పుడు లేకుండా హెడ్‌ఫోన్స్ జాక్ తీసి మైకు రంధ్రంలో పెట్టి, చెవికి పెట్టుకునేదాన్ని నోటికి పెట్టుకుని, బూట్లు కౌంటర్లో ఇచ్చేయండి అని ప్రకటించాడు. అందరూ నోరెళ్లబెట్టారు. వినిపించేదానికి వినడం కూడా వస్తుందని నాకు చెప్పాడు, ఎప్పుడూ లేనిది అంత పొడుగు మాట.

అదీ సంగతి. భయం దిగిపోయి కోపం పట్టుకుంది. అంటే ఈవిడకి మాట పోలేదు. నా చెవులు మూసుకుని ఉన్నప్పుడు మాట్లాడుతోంది. నాతో తప్ప ఎవరితోనో. ఎవరితో?

ఆ మధ్యాహ్నం కావాలనే ఆ రంధ్రం తాలూకు నాబ్ ఇంకాస్త పెంచి మళ్లీ వాయించాను. అయిపోగానే, ఆవిడ కిందికి మనవరాలి దగ్గరికి వెళ్లగానే విన్నాను. ఆవిడ గొంతు ఎడమ చెవిలోనే ఉంది. ఉండాలి కదా, ఎడమ చెవే గుమ్మం వైపుంది. తిన్నావా అంది. ఆవిడ ఆగినచోట, కుడి చెవిలో, మెల్లగా.

టక్ టక్.

చలిగా ఉందా అంది. టక్. ఒక్కటే.

నేను మళ్లీ విన్నాను. ఎడమది మూసి కుడిది ఒక్కటే విన్నాను. గోరు. గట్టి గోరు ప్లాస్టిక్ మీద కొట్టే చప్పుడు. లేచి ఆ గోడ దగ్గరికి వెళ్లాను. గొట్టం లేదు, కిటికీ లేదు. మాది పై వాటా, ఆ గోడకి అవతల ఏమీ లేదు, గాలి. అరచేయి ఆనించి నిలబడ్డాను. గోడ గోడలాగే ఉంది. నేను మాత్రం అక్కడే కింద కూర్చుండిపోయాను. ఏడాదిగా నేనెంత ఒంటరిగా పడుకున్నాను ఈ గదికి పక్కనే. ఒక్కసారి, ఒక్కసారైనా నాకు కొట్టి ఉండొచ్చు కదా అని ఆయన మీద పట్టరాని ఉక్రోషం వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం మూడోసారి కూర్చున్నాను. మామూలుగా తర్వాతి పాటను హెడ్‌ఫోన్స్‌లో ముందుగా విని ఆ తర్వాతే బయటికి వదులుతాం. ఏ వైరులో ఏముందో విడిగా వినడానికి మిక్సర్ మీద బొత్తాలుంటాయి. నేను పాటను దాని మానాన నడవనిచ్చి, ఆ పాత హెడ్‌ఫోన్స్ వైరుది ఒక్కటే నా చెవుల్లోకి తెచ్చుకున్నాను. తల మాత్రం పాట వింటున్నట్టే ఊపుతున్నాను. ఎడమ చెవిలో బఠాణీలు గిన్నెలో పడుతున్నాయి.

"తిన్నావా నాన్నా?"

టక్ టక్.

రికార్డింగులో వినడం వేరు. నా వెనక, అదే గదిలో, అదే క్షణంలో వినడం వేరు.

"రేపటిలోగా పంపాలటరా. బాగా వాయిస్తోంది. తీసుకుంటారు."

కుడి చెవిలో ఏమీ లేదు.

"నేను మాట్లాడానంటే ఇది ఇక్కడే ఉండిపోతుంది. తిట్టినా ఉండిపోతుంది, అంత పిచ్చిది. అందుకే నోరు కుట్టేసుకున్నాను. నీ చెల్లెలితో మాట్లాడినా దీనికి తెలిసిపోతుందని దానితోనూ మానేశాను. నువ్వూ చప్పుడు చేయకు. నువ్వున్నావని తెలిస్తే ఈ గోడ పట్టుకుని ముసలిదైపోతుంది. దాన్ని పోనీరా. మాటివ్వు."

ఆలస్యంగా, ఇష్టం లేనట్టుగా, టక్ టక్.

నేను తల ఊపడం ఆపేశాను. ఏడాది పాటు కోపమనుకున్నాను నేను. కప్పు పగలగొట్టినప్పుడు ఆవిడ నా చేయి తిప్పి చూసిన చూపు గుర్తొచ్చింది. వెనక్కి తిరగకుండానే అన్నాను.

"అత్తయ్యా, నాకు వినపడుతోంది."

గిన్నె నేల మీద పెట్టిన చప్పుడు. ఆవిడ ఊపిరి.

"ఆయన్ని అడగండి. వెళ్లనా, ఉండనా?"

బయటికి పోయే పాట సగంలో ఉంది, మీటరు పచ్చగా పైకీ కిందికీ ఊగుతోంది. చివరికి ఆవిడ, ఏడాది తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"నువ్వే అడుగు, అమ్మాయ్."

ఈ మాట కోసమా నేనిన్నాళ్లూ కాచుకున్నది అనిపించింది. ఏమండీ అని పిలిచి ఎన్నాళ్లయిందో.

"ఏమండీ. వెళ్లనా?"

టక్.

ఆగు.

నేను కదల్లేదు. ఇంకోటి వస్తుందేమోనని చూశాను. వచ్చింది, కానీ విడిగా వచ్చింది. టక్. కాస్త ఆగి, టక్. ప్రతిదీ ముందుదానికంటే గట్టిగా. వెనక్కి తిరిగి చూశాను. కొయ్యకి హెడ్‌ఫోన్స్ ఊగుతున్నాయి. ఫ్యాను ఆపి ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు భయం కంటే ఎక్కువ ఆశ పుట్టింది. అడుగుతున్నాడు కదా, ఉండమని నోరు విప్పి అడగని మనిషి ఇప్పుడు అడుగుతున్నాడు కదా. రికార్డింగ్ ఆపేయడానికి చేయి చాపాను. ఉండిపోయేదాన్నే.

అత్తయ్య పీట మీంచి లేచింది. మోకాళ్ల నొప్పుల మనిషి అంత వేగంగా రావడం ఎప్పుడూ చూడలేదు.

"మాటిచ్చావురా నువ్వు," అంది గోడతో. "పోయింది నువ్వు. అది కాదు."

మిక్సర్ వెనక చేయి పెట్టి ఆ జాక్ లాగేసింది. నా చెవుల్లో ఏమీ లేకుండా పోయింది. కొయ్య మీంచి ఆ హెడ్‌ఫోన్స్ కూడా తీసి చంకలో పెట్టుకుంది. కన్నకొడుకుతో మాట్లాడటానికి మిగిలిన దారి అది. దాన్ని నా కోసం పీకేసింది.

"వెళ్లమ్మా," అంది నాతో. "వెనక్కి చూడకు."

ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. తర్వాత ఆవిడ మొదలుపెట్టింది చూడండి, ఏడాది బాకీ అంతా ఆ సాయంత్రమే తీర్చేసింది. ఉప్పు లేని కూర దగ్గర నుంచి నా జుట్టు ముడి దాకా ఏదీ వదల్లేదు. మా ఆడపడుచు పైకి పరిగెత్తుకొచ్చి, తల్లి తిట్లు విని గుమ్మంలోనే కూర్చుని ఏడ్చేసింది.

సోమవారం పొద్దున్నే మళ్లీ వాయించి పంపాను. పాత హెడ్‌ఫోన్స్ అత్తయ్య బీరువాలో పెట్టి తాళం వేసింది. పంపేముందు నేను వినలేదు, ధైర్యం చాల్లేదు. రెండు రోజులకి ఈలాయన ఫోన్ చేసి, అదిరిపోయింది, వచ్చి చేరు అన్నాడు. కుడి చెవిలో మాత్రం అక్కడక్కడా టిక్కుమంటోంది, కేబుల్ మార్చుకో అన్నాడు. మారుస్తానన్నాను.

చేరాను. ఇక్కడి గదికి దూదీ అద్దాలూ అన్నీ ఉన్నాయి. ప్రతి పాట చివరా, తర్వాతి పాట బొత్తాం మీద నా వేలు పడగానే, కుడి చెవిలో టక్. ఆగు. స్టేషన్ మెకానిక్ వైర్లన్నీ మార్చాడు, హెడ్‌ఫోన్స్ మార్చాడు, తలగోక్కుని వెళ్లిపోయాడు. ఆగమంటే ఆగే రకం కాదు నేను. నొక్కేస్తున్నాను. కానీ ప్రతిసారీ వేలు ఒక్క క్షణం తడబడుతుంది. ఒకరోజు సందు పడనే పడింది. ఇంకోసారి ఇలా అయితే పైవాళ్లకి సమాధానం చెప్పలేనని ఈలాయన ముఖం మీదే అన్నాడు.

అత్తయ్య రోజూ ఫోన్ చేస్తుంది. చెవి వేడెక్కేదాకా వదలదు. పిల్ల పళ్లు, పక్కింటివాళ్ల గొడవ, మోకాళ్లు, అన్నీ. ఒక సాయంత్రం కార్యక్రమం నడుస్తుండగా చేసింది. ఈ వేళప్పుడు చేయని మనిషి కదా అని భయపడి ఎత్తాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. మళ్లీ మొదలైందా ఆ మౌనం అనుకున్నాను.

"అమ్మాయ్," అంది చాలా మెల్లగా. "తాళం తీసి ఆ హెడ్‌ఫోన్స్ మళ్లీ కొయ్యకి తగిలించి చూశాను. గోడకి చెవి ఆనించి చూశాను. నువ్వు రైలెక్కిన రోజు నుంచీ ఆ చప్పుడు లేదు. నీ దగ్గరున్నాడా?"

లేదనవచ్చు. అంటే ఆవిడ నమ్మేది కూడా. నన్ను పంపినందుకు కొడుకుని రెండోసారి పోగొట్టుకున్న మనిషికి ఏం చెప్పను? పాట చివరికి వస్తోంది. హెడ్‌ఫోన్స్ తీసి, వాటి కుడి చెవిని ఫోన్‌కి ఆనించి, రెండూ నా చెవి దగ్గరే పట్టుకున్నాను. బొత్తాం మీద వేలు పెట్టాను.

టక్.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. కానీ అంత దూరం నుంచి, ఆ చిన్న రంధ్రంలోంచి, ఏ బెరుకూ లేకుండా, రోజూ అడిగే గొంతుతో అడిగింది.

"తిన్నావా నాన్నా?"

పాట అయిపోవస్తోంది. నా వేలు కదల్లేదు.

టక్ టక్.

నేను తర్వాతి పాట వదిలాను.